పొలి ఎవరు మోయాలి

ఐలేశం గుడిసె ముందు పొలి బుట్ట దించి డప్పులవాళ్లు వెళ్లిపోయిన దగ్గర పోయిన వారం మనం ఆగాం. ఆ బుట్ట సంగతి తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు సాగుతాను.

కోస్గికి ఎగువన, వాగు ఇవతల ఉన్న ఆ ఊళ్లో గత్తర పుట్టింది. వాంతులు, బేదులతో ఇప్పటికే ఇద్దరు పోయారు. ఇలాంటప్పుడు ఆ ఊరి పెద్దలకు తెలిసిన మందు ఒకటే. మైసమ్మ ముందు మేకపోతును కోసి, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని బుట్టకెత్తి పొలిమేర చుట్టూ చల్లిస్తారు. దాన్ని పొలి అంటారు. పొలి చల్లేదాకా ఊరికి కట్టడి. లోపలివాళ్లు పొలిమేర దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. బుట్ట మోసే హక్కు తాతల నాటి నుంచీ మాదిగవాడలో ఐలేశం ఇంటిది. వేరెవరు మోసినా మైసమ్మ ఒప్పుకోదని ఊరి నమ్మకం. చిక్కల్లా ఆ ఐలేశంతోనే వచ్చింది. నెల కిందట అతను యేసును నమ్ముకున్నానన్నాడు. వచ్చే ఆదివారం వాగులో అతనికి బాప్తీస్మం ఇవ్వడానికి పాస్టరుగారు రావాలి. ఊరి పెద్దలు పొలికి పెట్టిన ముహూర్తం శుక్రవారం, పొద్దు గుంకే వేళ.

ఇవాళ ఆ శుక్రవారమే.

ఎండ నడినెత్తి దాటింది. పసుపు పూసి వేపరెమ్మలు కట్టిన ఖాళీ బుట్ట గడప ముందు బోర్లించి ఉంది. దానికి అటువైపు చూరు నీడలో రూతమ్మ కూర్చుని ఉంది. ఊరూరా కాలినడకన తిరిగి వాక్యం చెప్పే మనిషి, యాభై దాటిన విధవ. కట్టడికి ముందురోజు వచ్చి ఊళ్లోనే చిక్కుకుపోయింది.

"ఏం చేస్తవు తమ్మి?" అని అడిగింది ఆమె.

ఐలేశం నోరు తెరిచేలోగా అతని తల్లి భద్రమ్మ జవాబు చెప్పింది. ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా మొదటి జవాబు భద్రమ్మదే.

"చేసుడేంది? పొద్దుగుంకంగనే బుట్ట మోస్తడు. ఎల్లుండి మీ నీళ్లల్ల మునుగుతడు. పీనుగను మోసినోడు తానం చేసి ఇంట్లకు వస్తలేడా? మైల తానంతోని పోతది. గిదీ గంతే. ఎంత పాపమైనా ఆ నీళ్లల్ల కడుక్కపోతదని నువ్వే చెప్తివి గద రూతమ్మా. మరి గీ పని గూడ చేసి మునిగితే అన్నీ ఒకేపారి పోతయి."

భద్రమ్మను తప్పుపట్టడానికి లేదు. పురుడైనా, చావైనా, ఏ అంటు తగిలినా నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకుంటే పోతుందని పుట్టినప్పటి నుంచీ చూసిన మనిషి. పాము చావకుండా, కర్ర విరగకుండా ఊరినీ, కొడుకునూ, కొడుకు కొత్త దేవుణ్ణీ ఒక్కచోట కుదిర్చానని ఆమెకు లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. కోడలు గోపమ్మకు ఆ ఉపాయం నచ్చింది. నిజం చెప్పొద్దూ, ఐలేశానికీ నచ్చింది. నిన్న తల్లి ఈ మాట చెప్పాకే అతను కడుపునిండా తిన్నాడు.

రూతమ్మ మాత్రం నవ్వలేదు.

"మైలకైతే తానం చాలు. తమ్మి, నువ్వు నన్ను పిలిపిచ్చింది మైలకా?"

ఐలేశం తల వంచుకున్నాడు.

"నాకు చెప్పినవు. చెప్పాల్సినోళ్లకు చెప్పలే," అందామె.

చేటలో జొన్నలు చెరుగుతున్న గోపమ్మ చెయ్యి ఆగింది. మొగుడి ముఖం చూసింది. అతను కొడవలి దెబ్బ తిన్నవాడిలా ఒక చేతిని మరో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

పదేళ్ల కిందట, రజాకార్ల గొడవల ఏడాది వచ్చిన గత్తరలో పొలి మోసింది ఐలేశమే. వాళ్ల మొదటి బిడ్డ అండాలుకు ఆ పొద్దుటే గత్తర తగిలింది. పొలి మోసేవాడికి ఒక నియమం ఉంది. బుట్ట నెత్తికెత్తుకున్నాక ఆగకూడదు, పలకకూడదు, వెనక్కి చూడకూడదు. తప్పితే చల్లిన పొలి అంతా వృథా అయి ఊరు మునుగుతుందంటారు. దారి ఈ గుడిసె పక్కనుంచే. ఐలేశం ఆగకుండా నడిచాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల లేదు. ఆ తర్వాత ఊళ్లో మరో చావు కూడా లేదు. పటేలు అతని తలకు రుమాలు చుట్టించాడు, ఊరు ఊరంతా మెచ్చుకుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

"నాకు ఇనబడ్డది," అన్నాడు ఐలేశం.

"ఏంది?" అంది గోపమ్మ.

"అండాలు పిలిచింది. బాపూ, నీళ్లు అన్నది. డప్పుల సప్పుడుల ఇనబడలేదని నీకు చెప్పిన. అబద్ధం. మంచిగ ఇనబడ్డది. నేను ఆగలే."

గోపమ్మ చేట పక్కన పెట్టింది.

"పదేండ్ల సంది మొక్కని దేవుడు లేడు. ఆలంపూర్ దాంక నడిచిపోయి జోగులాంబ తల్లి ముంగట పడ్డ. ఎవల్ని అడిగినా ఒక్కటే మాట. నీది తప్పు గాదు ఐలన్నా, పుణ్నెం చేసినవు, ఊరును కాపాడినవు అని. తప్పే లేదంటే ఇగ మాఫీ ఏడికెళ్లొస్తది? గీ రూతమ్మ ఒక్కతే నా మొఖం చూసి, తప్పే తమ్మి, మస్తు పెద్ద తప్పు అన్నది. గా మాట ఇన్నంక నాకు పానం లేచొచ్చింది. అటెన్క చెప్పింది, గా తప్పును ఆయన తన మీదేసుకొని సచ్చిండని."

అతను ఏడవడం లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. పదేళ్లుగా కంటికి కునుకు లేకుండా చేసిన మాటను బయటికి కక్కేశాక మనిషికి ఒక నీరసం వస్తుంది, ఆ నీరసం ఉంది అతని గొంతులో.

"ఎన్నిపార్లు పిలిచింది?" అని అడిగింది గోపమ్మ.

"ఒక్కపారే. మల్ల పిలిస్తే ఆగుదామనుకున్న. పిలువలే. గప్పుడే పానం పోయిందనుకున్న."

"పోలే."

భద్రమ్మ ఉలిక్కిపడి, "గోపీ, ఊకో," అంది.

"ఎందుకూకోవాలె అత్తా? ఆయన చెప్పిండు, నన్ను చెప్పనియ్యి." గోపమ్మ మొగుడి వైపు తిరిగింది. "గప్పుడు పోలే. నేను నోరు మూసిన. పిల్ల పిలుస్తే నువ్వు ఆగుతవు, నువ్వు ఆగితే ఊరు మునుగుతదని అత్త అన్నది. గీ చెయ్యితోనే మూసి పట్టుకున్న. నీళ్లు గూడ పొయ్యలే. చెయ్యి తీస్తే మల్ల పిలుస్తదని."

వారం వారం ఈ కథ రాస్తున్నాను కాని, ఇక్కడ నాకు కలం సాగలేదు. పదేళ్లు ఒకే కప్పు కింద, ఒకే కుండలో జొన్న గటక తిని, ఒకరి తప్పు ఒకరికి చెప్పుకోకుండా బతికారు ఆ ఇద్దరూ. భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. ఐలేశం లేచి పెళ్లాం దగ్గరికి పోయి, ఏం చెయ్యాలో తెలియక, ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు.

గోపమ్మ రూతమ్మను అడిగింది. "నాకు గూడ ఉంటదా మాఫీ?"

"ఉంటది."

"నేనింక మీ దేవున్ని నమ్ముకోలే గద."

"అడిగినవు గద బిడ్డా. గాడికెళ్లే మొదలైతది," అంది రూతమ్మ. తర్వాత ఐలేశం వైపు తిరిగింది. "తమ్మి, బాప్తీస్మమంటే మైల కడుక్కునుడు గాదు. పాత మనిషిని బొందపెట్టుడు. శుక్రారం పనికి అక్కరకొస్తడని ఆ మనిషిని ఇంకో రెండొద్దులు బతికిచ్చుకుంటనంటే ఎట్ల? మొయ్యమని చెప్ప, మొయ్యొద్దని చెప్ప. ఊరు నిన్ను కొడితే దెబ్బలు పడేది నీ ఈపు మీద, నా ఈపు మీద గాదు. నువ్వే చూసుకో."

ఆ మాట అన్నదే కాని, ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషికి తన ధైర్యం తనకు చాలడం లేదు. గత్తర అంటే ఏమిటో ఆమెకూ తెలుసు. ఇద్దరు కొడుకులను దానికే ఇచ్చుకుంది.

అంతలో వాడ మొదట్లో కుక్కలు మొరిగాయి. ఎవరో పరుగెత్తుకు వచ్చి, "పటేలు వస్తున్నడు," అని చెప్పిపోయారు.

పటేలు అనంతరెడ్డి మాదిగవాడలో కాలు పెట్టగా చూసినవాళ్లు ఎవరూ లేరు. పని ఉంటే మనిషిని పంపేవాడు, మనిషి రాకపోతే పిలుపు రెండోసారి కర్రతో వచ్చేది. అలాంటివాడు తలగుడ్డ లేకుండా, చెమటలు కారుతూ బుట్ట ముందు వచ్చి నిలబడ్డాడు.

"ఐలేశం," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆ నోట 'ఐలిగా' తప్ప మరో పిలుపు వినలేదు ఐలేశం. లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నా మనుమనికి తెల్లారగట్ల నుంచి కక్కుడు, బేదులు. కండ్లు లోపటికి పోయినయి. పొద్దుగుంకేదాంక ఆగేటట్టు లేడు. మేకపోతును ఇప్పుడే కోపిస్త. బుట్ట ఎత్తు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, సరిగ్గా అక్కడ నిలబడ్డాడు ఐలేశం. పటేలును ఎదిరించడం వేరు. మనవడి కోసం ఏడుపు దిగమింగుకుంటున్న ముసలివాణ్ణి కాదనడం వేరు.

"నీ బాంచెన్ పటేలా, నేను మొయ్య."

పటేలు రూతమ్మ వైపు ఒకసారి చూశాడు. ఆమెను ఏమీ అనలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు అతనికి.

"ఆదివారం నీ ఇష్టమొచ్చిన నీళ్లల్ల మునుగు. నేను అడ్డం రాను. ఇయ్యాల ఒక్కనాడు ఊరి మనిషిగ ఉండు. పొలి కోసం మీ తాతకిచ్చిన మాన్యం యాదున్నదా? రేపు గా చెలకల కాలు ఎట్ల పెడతవు?"

"పెట్ట పటేలా. మాన్యం ఊరిదే. ఊరికే ఇచ్చేస్త."

భద్రమ్మ గోడవైపు నుంచే, "ఓరి దేవుడా," అంది. ఆ ఇంటికి ఉన్న ఆధారమల్లా ఆ మాన్యపు చెలకే. ఐలేశం తల్లి వైపు చూడలేదు. చూస్తే మాట మారిపోతుందని భయం.

"పిల్లగాన్ని దవాఖానకు తీస్కపోరాదా పటేలా?" అన్నాడు. "కోస్గిల సర్కారోళ్లు డేరాలేసిండ్రట. గత్తరొచ్చినోళ్లకు నరానికి నీళ్లెక్కిస్తున్నరట. రూతమ్మ కండ్లార చూసొచ్చింది."

"నాకు తెల్వదా? కట్టడి ఉన్నది గదరా. దండోరా ఏపిచ్చిందే నేను. నా ఇంటి పోరడని నేనే పొలిమేర దాటితే, పొద్దుగాల పెండ్లాన్ని పోగొట్టుకున్న గుర్వయ్యకు ఏం మొఖం చూపెట్టాలె? దవాఖానకు పోతనని వాడు మొత్తుకుంటే ఆపింది నేను. పొలి చల్లినంక తొవ్వ ఇడుస్తం. గందుకే ఇప్పుడే ఎత్తమంటున్న. నువ్వు తిరిగొచ్చేసరికి బండి కట్టి ఉంటది."

"పొలిమేర అంత తిరిగొచ్చేసరికి చీకటైతది. వాగు పారుతాంది, చీకట్ల బండి దాటదు. ఇగ తెల్లారాలె. గందాంక ఆగుతడా పిల్లగాడు?"

ఆ లెక్క పటేలూ వేసుకున్నాడు. వేసుకుని, మైసమ్మ మీద భారం వేసి, ఇక్కడికి వచ్చాడు.

ఐలేశం బుట్ట వైపు చూశాడు. దాని బరువు అతని మెడకు తెలుసు, దాని వాసన అతనికి తెలుసు. ఎత్తుకుంటే ఎంత సులువు. చెలక ఉంటుంది, తల్లి ఏడుపు మానుతుంది, పటేలు రుణపడి ఉంటాడు. మరో బిడ్డ ఇంకో ఇంట్లో నీళ్లు అడుగుతూ ఉంటుంది, అంతే.

"పోయినపారి బుట్ట ఎత్తుకున్న పటేలా," అన్నాడు. "గీసారి పిల్లగాన్ని ఎత్తుకుంట. బండి కోసం ఆగొద్దు, కాలితొవ్వన మనిషే జల్దీ పోతడు. ఇప్పుడు బయలెల్లితే పొద్దుండంగనే కోస్గిల పడతం."

"నువ్వు ముట్టుకుంటవా?"

ఆ మాట పటేలు అనుకుని అన్నది కాదు. అలవాటు చేత నోట్లోంచి జారింది. గత్తరకు కులం లేదు, మైసమ్మకు నెత్తురు మోసే చేతులకు అడ్డం లేదు, చస్తున్న పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి మాత్రం అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అన్నాక పటేలుకే సిగ్గయింది కాబోలు, ముఖం తిప్పుకున్నాడు.

"ముట్టుకోనియ్యి మామా."

అందరూ తిరిగి చూశారు. పటేలు కోడలు శ్యామలమ్మ. మామ వెనకనే వచ్చింది, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా. ఎప్పటినుంచి అక్కడ నిలబడి వింటోందో ఎవరూ గమనించలేదు. ఆమె ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. బుట్టను దాటుకుని వచ్చి కొడుకును ఐలేశం చేతుల్లో పెట్టింది.

పిల్లవాడికి మూడేళ్లుంటాయేమో. బరువు లేడు. పెదాలు పగిలి, కళ్లు గుంటలు పడి, ఏడవడానికి కూడా నీళ్లు లేవు ఒంట్లో. ఈ పిల్లవాడు బతుకుతాడని ఎవరూ ఐలేశానికి మాట ఇవ్వలేదు. నమ్ముకున్న దేవుడు కూడా ఇవ్వలేదు. 'ప్రభువా, నాకేం తెల్వదు, నువ్వు నాతోని రా,' అనుకున్నాడు లోపల. నెల రోజుల్లో అతను నేర్చుకున్న ప్రార్థన అంతే.

రూతమ్మ మరిగించి చల్లార్చిన నీళ్లలో ఉప్పు వేసి చెంబులో పోసింది. ఆ చెంబును గోపమ్మ అందుకుంది.

"నువ్వెటు?" అన్నాడు ఐలేశం.

"నీతోనే. నీ చేతులు రెండూ పిల్లగాని కాడుంటయి. వాడు నీళ్లడిగితే ఎవరు పోస్తరు?"

ఇద్దరూ పిల్లవాణ్ణి తీసుకుని బయలుదేరారు. శ్యామలమ్మ కొడుకు కాలు పట్టుకుని పక్కనే నడిచింది. వెనక పటేలు. వద్దనలేదు, ఊఁ అనలేదు. వాడంతా గుడిసెల ముందుకు వచ్చి చూస్తోంది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఊరి చివర వేపతోరణం కట్టిన చోట పదిమంది కర్రలు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. వాళ్ల ముందు కుమ్మరి గుర్వయ్య. అతని కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పెళ్లాన్ని మట్టిలో పెట్టి నేరుగా కావలికి వచ్చాడు.

"ఐలన్నా, ఎనుకకు పో," అన్నాడు. "నీ మీద నాకు పగ లేదు. పొలి చల్లక ముందు గత్తర మనిషిని పొలిమేర దాటిస్తే గది ఊరి మీదికే మల్లొస్తదట. పొద్దుగాల నా పెండ్లాం పానంతోని ఉన్నప్పుడు, ఇడువుండ్రి, కోస్గికి తీస్కపోతనని గీడనే కాళ్లు మొక్కిన. ఇడువలే. ఇప్పుడు పటేలు మనుమడని ఇడిస్తే దాని పానానికి ఇలువ లేనట్టేనా?"

గుర్వయ్య అడిగిన దాంట్లో అన్యాయం లేదు. ఐలేశం నిజంగా కుంగిపోయింది ఇక్కడే. ఇప్పటిదాకా ఎదురు నిలబడ్డవాళ్లంతా భయపెట్టినవాళ్లు, ఆశపెట్టినవాళ్లు. ఇతను ఏడుస్తున్నవాడు.

"నీ పెండ్లాన్ని తీస్కపోనియ్యకపోవుడు తప్పే గుర్వన్నా," అన్నాడు చివరికి. "నేను గూడ చూసుకుంట నిలబడ్డ. నా తప్పు గూడ ఉన్నది అండ్ల."

గుర్వయ్య కర్ర కొంచెం కిందికి వాలింది. తప్పు అని ఆ పొద్దుటి నుంచి అతనితో అన్నవాడు లేడు. అతను పెదవులు బిగించి పటేలు వైపు చూశాడు.

"నువ్వు చెప్పు పటేలా. ఇడువాల్నా?"

పటేలు అనంతరెడ్డి అందరి ముఖాలూ చూశాడు. తన దండోరాకు కట్టుబడి నిలబడిన పదిమందినీ చూశాడు. ఐలేశం భుజం మీద వేలాడుతున్న చిన్న చేతిని చూశాడు. మాట గుర్వయ్యతో కాక ఐలేశంతో అన్నాడు.

"పోరడు బతికితే నీ దేవుడే దేవుడని నేనే ఊరంత చాటిపిస్త. సచ్చిండంటే? గప్పుడేమంటవురా?"

శ్యామలమ్మ ముఖం తెల్లబోయింది. బతుకుతాడు పటేలా అంటే చాలు, ఆ క్షణాన అందరికీ ఊరట దొరికేది. ఆ మాట ఐలేశం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని అది దేవుడి తరఫున తను చేసే బేరం అవుతుంది. బేరాలు చాలించుకుని వచ్చినవాడు మళ్లీ బేరం పెట్టలేకపోయాడు.

"సచ్చినా ఆయన నా దేవుడే పటేలా."

కావలివాళ్లలో వెనక నుంచి ఎవరో, "ఇన్నరా? సావు కోరుతుండు," అని అరిచారు. గుర్వయ్య పక్కనున్నవాడు కర్ర పైకెత్తాడు.

ఐలేశం పిల్లవాడి తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అడుగు ముందుకు వేశాడు.